బొల్లి పెట్టిన లంఖణం

గుట్ట వారన మేసే మందలో బొల్లి అనే తల్లి మేక ఉండేది. దాని పిల్ల బుడిగికి దగ్గు పట్టుకుంది.

"గొంతులో క్రిములు చేరాయి. లంఖణం పెడితే ఆకలికి అవే చస్తాయి. మా అమ్మా ఇలాగే చేసేది," అంటూ బొల్లి రెండు రోజులు పిల్లను పొదుగు దగ్గరికి రానివ్వలేదు. దగ్గు తగ్గలేదు సరికదా, మూడో రోజు పొద్దున బుడిగి మూతి మీద నెత్తుటి చార కనబడింది.

బొల్లి పిల్ల నోట్లోకి తొంగి చూస్తూ, "నా కూన మీకేం చేసింది, పాపిష్టి క్రిముల్లారా!" అని ఏడ్చింది.

లోపలి నుంచి ఒక ముసలి క్రిమి సన్నగా పలికింది. "ఏమీ చేయలేదు తల్లీ. ఇది పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాం. గొంతు తడిలో ఉండే ఇంత తీపి నాకి, గుట్టుగా పడుండేవాళ్ళం. ఇప్పుడా తీపి లేదు. ఆకలేస్తే మా పిల్లల ఒంట్లో విషం ఊరుతుంది. గొంతు గోడ కొరికితేగాని వాటికి తిండి దొరకదు. వద్దని ఏ నోటితో చెప్పను? నేనూ తల్లినే."

బొల్లి వెనక కాళ్ళు ఎడంగా పెట్టి, "రావే," అంది.

బుడిగి ఆబగా తాగింది. కడుపు నిండాక పొదుగు వదిలేసి, అక్కడే ఒరిగి కునుకు తీయబోయింది. బొల్లి దాని మెడ నాకుతూ మెల్లగా లేపింది.

"ఇంకొక్క గుక్క తాగవే అమ్మా. లోపల పిల్లలున్నారు."