రెండు వేళ్ల స్నేహం

"హీరోగారు నిన్ను గుర్తుపడితే ఉద్యోగం ఉంటుంది. పట్టకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు," అని తేల్చేశాడు అల్లుడు.

అల్లుడంటే జిమ్ ఓనరుగారి అల్లుడు. మామగారు మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టున ఉండిపోవడంతో నెల కిందట తాళాలు ఇతని చేతికొచ్చాయి. వచ్చీ రాగానే అద్దాలు మార్చాడు, రంగులు మార్చాడు. ఇక మార్చాల్సింది బండన్న ఒక్కణ్నే.

బండన్న అక్కడ పాతికేళ్లుగా ట్రైనరు. మెడ ఎక్కడ ఆగి భుజం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. మనిషి మంచివాడే. ఉన్న జబ్బల్లా ఒక్కటే, నోరు విప్పితే సినిమా వాళ్లు.

"విలన్ వేషాలు వేస్తాడే, ఆ ఆరడుగులాయన! కాళ్ల ఎక్సర్‌సైజు రోజున వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదనేవాడు. రెండేళ్లలో ఆవిడకు ఎనభై సార్లు జ్వరం వచ్చింది," అనేవాడు. లేకపోతే, "ఆ హీరోయిన్ పరుగెత్తే మిషన్ ఎక్కి, ఫొటో తీయించుకుని దిగిపోయేది. దానికో స్విచ్ ఉంటుందని ఆమెకు ఇప్పటికీ తెలీదు," అనేవాడు. వినేవాళ్లు డంబెల్స్ కింద పెట్టి మరీ వినేవాళ్లు. అల్లుడి కడుపుమంట అక్కడే.

"మెంబర్లు కండలు పెంచుకోవడానికొస్తే, నీ కబుర్లకు చెవులు పెరుగుతున్నాయి," అన్నాడు అల్లుడు. "హీరోగారూ నువ్వూ పదిహేనేళ్లు కలిసి కసరత్తు చేశారంటావు కదా, ఒక్క ఫొటో చూపించు."

"స్నేహితులు ఫొటోలు దిగుతారా సార్? వెనక గుమ్మంలోంచి వచ్చేవాడు. చెవుల్లో పాటలు పెట్టుకుని బెంచీ మీద వెల్లకిలా పడుకునేవాడు. 'అన్నా, వేళ్లు పెట్టు' అనేవాడు. నేను తల దగ్గర నిలబడి బరువుల బార్ కింద రెండు వేళ్లు పెట్టేవాణ్ని. ఎత్తడం అయ్యాక లేచి అటునుంచటే కారెక్కేవాడు. షూటింగులెక్కువై ఈ రెండేళ్లూ రాలేదు గానీ..."

"రెండు వేళ్లతో స్నేహమా!" అని నవ్వాడు అల్లుడు. "ఇంకో గంటలో మన కొత్త హంగులకు రిబ్బన్ కట్ చేయడానికి వస్తున్నాడుగా. తేలిపోతుంది."

బండన్న బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుని భార్యకు ఫోన్ చేశాడు.

"ఏమంటావే, గుర్తుపడతాడంటావా?"

"పదిహేనేళ్లు చూసిన మొహాన్ని ఎవరు మర్చిపోతారండీ? నేను మర్చిపోదామన్నా నావల్ల కావట్లేదు," అంది ఆవిడ. "కాస్త మొహం కడుక్కుని నిలబడండి. కంగారుపడకండి."

బండన్న మొహం కడుక్కున్నాడు. బట్టతల కూడా తుడుచుకున్నాడు. ఈ వయసులో ఇంకో జిమ్‌కు వెళ్లి ఉద్యోగం అడగడం తలచుకుని ఇంకోసారి మొహం కడుక్కున్నాడు.

హీరో వచ్చాడు. కెమెరాలు, కేకలు, తోపులాట. బండన్న జనాన్ని జబ్బలతో నెట్టుకుంటూ గుమ్మం దగ్గరికెళ్లి చెయ్యి చాచాడు.

"సార్, నేనే! బండన్నని!"

హీరో నల్లకళ్లద్దాలు తీసి ఎగాదిగా చూశాడు. చెయ్యి కలిపి, "సంతోషం," అన్నాడు. అల్లుడి చెవి దగ్గరకు వంగి, "ఎవరండీ ఈయన?" అన్నాడు.

ఆ మాట బండన్నకూ వినపడింది.

"బ్యాగ్ సర్దుకో," అన్నాడు అల్లుడు నవ్వు ఆపుకోకుండా. బండన్నకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉద్యోగం పోయినందుకు కాదు. ఇంతకాలం ఊళ్లో అందరికీ చెప్పుకున్న స్నేహం అవతలివైపు లేనే లేదని తెలిసినందుకు. తువ్వాలు, బెల్టు బ్యాగులో కుక్కుకుని గుమ్మం వైపు నడిచాడు.

లోపల హీరో కెమెరాల కోసం బెంచీ మీద పడుకున్నాడు. బార్‌కు వంద కిలోల ప్లేట్లు. తల దగ్గర, అల్లుడు తెచ్చిన కొత్త ట్రైనరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎత్తేవాడు పిలిచేదాకా బార్ ముట్టుకోకూడదని సర్టిఫికెట్ ఇచ్చిన వాళ్లు అతనికి నేర్పారు.

బార్ కిందికి దిగింది. ఛాతీ మీద కూర్చుంది. మళ్లీ లేవలేదు.

"వే... వేళ్లు..." అన్నాడు హీరో, కందగడ్డలా మారిన మొహంతో.

"ఏదో అంటున్నారు," అన్నాడు కొత్త ట్రైనరు.

"డైలాగ్ చెప్తున్నారయ్యా! చప్పట్లు కొట్టండి!" అన్నాడు అల్లుడు.

ఆ మాట అర్థమైన మనిషి ఒక్కడే ఉన్నాడు. గుమ్మంలో బ్యాగు ధడేల్మని పడింది. బండన్న ఒక్క ఉదుటున వచ్చి, కొత్త ట్రైనర్ని పక్కకు తోసి, బార్ కింద రెండు వేళ్లు పెట్టాడు. బార్ దూదిలా పైకి లేచింది. ఒకసారి కాదు, పదిసార్లు. అందరి గుట్టూ విప్పే బండన్న, ఆ వందలో తన వేళ్ల మీదికి ఎన్ని కిలోలు వచ్చేవో మాత్రం ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళా చెప్పలేదు. కెమెరాల ముందు హీరో ఎత్తినట్టే ఉంది.

బార్ స్టాండెక్కింది. హీరో ఊపిరి పీల్చుకుని మెల్లగా కళ్లు తెరిచి, పడుకునే పైకి చూశాడు. తలకిందులుగా ఒక గడ్డం, ఒక మీసం, రెండు ముక్కు రంధ్రాలు.

హీరో మొహం వెలిగిపోయింది. లేవకుండానే రెండు చేతులూ పైకి చాచి బండన్న మెడను వాటేసుకున్నాడు.

"అన్నా! ఎక్కడికి పోయావన్నా ఇంతసేపూ! ఇందాక గుమ్మం దగ్గర ఎవడో బట్టతలవాడు నీ పేరు చెప్పుకుని నాకు షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చాడు, తెలుసా!"