పచ్చడి సీసాలో పాఠం

“కరోనా బ్యాచా?” అంటూ మేనేజర్ విజయసారథి ఫైలు మూసేశాడు. సర్టిఫికెట్ మీద పాసైన సంవత్సరం తప్ప ఆయన ఇంకేమీ చదవలేదు, పేరు కూడా.

ఎదురుగా కూర్చున్న ఆసియాకు ఒళ్లు మండింది. బాపట్ల నుంచి రెండు బస్సులు మారి, రేపల్లెలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ఈ ల్యాబుకి వచ్చింది. మొన్న తెనాలిలోనూ ఇదే మాట. ఈ ఉద్యోగం కూడా రాకపోతే సోమవారం నుంచి బట్టల కొట్లో చీరలు మడతపెట్టుకోవాలి. చదివిన కెమిస్ట్రీ అంతా అందుకేనా?

“అసలు ల్యాబు మొహం చూశారా మీరు? ఇంట్లో పడుకుని పాసైపోయారు!”

“ల్యాబుకి తాళం వేసింది మేం కాదండి. ఓ శాంపిల్ ఇవ్వండి, ఇక్కడే టెస్టు చేసి చూపిస్తాను.”

“నీ చేతికిస్తే గాజు సామాను మిగలదమ్మాయ్. నువ్వు చెప్పే లెక్క తప్పిందంటే తెల్లారేసరికి రైతు చెరువులో రొయ్యలన్నీ తేలతాయి.”

“జబ్బు ఊరందరికీ వచ్చింది సార్. అందరికీ తగ్గింది. మాకొక్కళ్లకే ఇంకా తగ్గలేదా?” ఆసియా గొంతు లేచింది.

ఆయన విసుగ్గా ఫోన్ తీసి ఓ వీడియో పెట్టాడు. “పని రావడమంటే ఇదీ! ఎవరో మహానుభావుడు తీశాడు. వాట్సాప్‌లో వచ్చింది. మా టెక్నీషియన్లందరికీ ఇదే పాఠం. ఆర్నెల్లు ఇది చూసి నేర్చుకుని, అప్పుడు రా.”

తెర మీద గ్లౌజులు తొడుక్కున్న రెండు చేతులే కనిపిస్తున్నాయి. మాటల్లేవు. ఏం చేయాలో అట్టముక్కల మీద రాసి చూపిస్తున్నారు. ల్యాబు సామాను లేదేమో, ఖాళీ పచ్చడి సీసాలో చెరువు నీళ్లు పోసి, చుక్కచుక్కగా మందు వేస్తున్నారు. రంగు మారగానే చేతులు ఆగాయి. చుక్కల లెక్క అట్ట మీదకెక్కింది.

ఆసియా ముందుకు వంగి చూసింది. పళ్లు బిగబట్టింది.

“చూశావా, ఎంత శుభ్రంగా చేశాడో!” అంటూ ఆయన వీడియో ఆపబోయాడు.

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. “ఆపకండి. ఆఖరిదాకా ఉంచండి.”

“ఇంకేముంది? పాఠం అయిపోయింది. ఇక్కడి నుంచి ఎవరూ చూడరు.”

“మీరు చూడాలి సార్.”

ఆయన మూసేసిన ఫైలు ఆమే తెరిచింది. సర్టిఫికెట్ మీద తన పేరున్న చోట వేలు పెట్టి, ఆయన ముందుకు జరిపింది.

వీడియోలో చేతులు సీసా కడిగి బోర్లించాయి. వెనక కుక్కర్ కూత వేసింది. ఆ వెంటనే ఓ ఆడమనిషి కేక గదంతా వినపడింది:

“ఒసేయ్ ఆసియా! పాలగిన్నెలో చెరువు నీళ్లు పోసి పెట్టావేంటే!”