ఆట ఆగకూడదు

"హైలెస్సా... హైలెస్సా..."

మరిడమ్మ చేపల గంపకు తాడు కట్టి ఈ గోడ నుంచి ఆ గోడకు లాగుతోంది. గంపలో మనవరాలు చిన్నతల్లి కూర్చుని గరిటెతో తెడ్డు వేస్తోంది. దానికింకా మూడేళ్ళు నిండలేదు.

బయట వాకిట్లో, దాని తండ్రి లక్ష్ముడిని కొబ్బరిచెట్టుకు కట్టేసి కొడుతున్నారు. అక్కడున్నది అసలు తెడ్డు.

ముసురు పట్టి నాలుగు రోజులైంది. పడవలన్నీ ఒడ్డెక్కాయి. ఈ చలికి దుప్పటి ముసుగేసి పడుకోవాల్సిన ఊరు ఊరంతా మరిడమ్మ వాకిట్లోనే ఉంది. పొద్దున్నే ఇంటి వెనక పారే గెడ్డలో, తుప్పలకు చిక్కుకుని ఆమె కోడలు తులసి శవం దొరికింది. తల పగిలి ఉంది. గెడ్డ పొంగి రోడ్డు తెగిపోయింది కాబట్టి పోలీసులు రేపటికి గానీ రారు. తులసి అన్న కొండబాబు మాత్రం నలుగురు మనుషుల్ని వెంటేసుకుని, నడుం లోతు నీళ్ళు దాటి వచ్చేశాడు.

వాళ్ళు సాక్ష్యాలు వెతుక్కోనక్కర్లేకపోయింది. మొన్ననే లక్ష్ముడు తప్పతాగి, వీధి వీధంతా వింటుండగా, "నిన్ను సంపి గెడ్డలో పారేస్తానే" అని పెళ్ళాం మీద అరిచాడు. తులసి కనబడకుండా పోయిన నిన్న సాయంత్రం ఎక్కడున్నావంటే, పడవ చాటున తాగి పడుకున్నానన్నాడు. ఎవరు నమ్ముతారు?

ధబ్బుమని దెబ్బ. వెంటనే కేక.

చిన్నతల్లి గరిటె ఆపింది. "నాన్న?"

"నాన్న కాదే, ఉరుము!" మరిడమ్మ సత్తు పళ్ళెం తెచ్చి బోర్లించింది. "ఉరుము గట్టిగా కొడతాదా, నువ్వు గట్టిగా కొడతావా? కొట్టు, సూద్దాం!"

చిన్నతల్లి పళ్ళెం వాయించింది. బయట ఎముక విరిగిన చప్పుడు అందులో కలిసిపోయింది. మరిడమ్మకు మాత్రం వినిపించింది.

ఆ ఇంట్లో పిల్లను ఆడించడం ఆమెకొక్కదానికే వచ్చు. తులసికి ఓపిక తక్కువ. ముసురు పట్టి, గడప దాటే వీల్లేక పిల్ల రాగం తీసిందంటే వీపు చిట్లగొట్టేది. మరిడమ్మేమో మనవరాలి మీద ఈగ వాలనివ్వదు. వాన పడ్డ ప్రతిసారీ అత్తాకోడళ్ళకు దీని మీదే తగువు.

పక్కింటి నారాయణమ్మ తడిసి ముద్దై లోపలికొచ్చింది.

"ఏటప్పా ఇలాగ కూకున్నావు? నీ కొడుకుని సంపేస్తన్నారు! ఎల్లి ఆల్ల కాల్లట్టుకో. పిల్లగుంటని నాకియ్యి, నాను ఆడిస్తాను."

ఆమె చెయ్యి చాచేలోపే మరిడమ్మ పిల్లను లాగి గుండెకదుముకుంది.

"వద్దు. ఇది నా దగ్గిర తప్ప ఉండదు."

"గంటసేపు ఏడిస్తే ఏటౌతాది? ఆడు పోతే మల్లొస్తాడా?"

"వద్దన్నానా!"

నారాయణమ్మ నోరు నొక్కుకుంటూ వెళ్ళిపోయింది. తీసి ఉన్న తలుపులోంచి లక్ష్ముడు కనిపించాడు. ముఖం ముఖంలా లేదు. నోటి నెత్తురు వాననీటితో కలిసి ఛాతీ మీదికి కారుతోంది.

"అమ్మా..." అన్నాడు.

మరిడమ్మ గడప దాకా పరుగెత్తింది. చంకలో పిల్ల బయటికి చెయ్యి చూపించి ఏదో అనబోయింది. ఆమె గిరుక్కున వెనక్కి తిరిగి తలుపేసేసింది.

"ఇంకో ఆట" అంది చిన్నతల్లి.

ఆట ఆగకూడదు. ఆగితే కొంప మునిగిపోతుంది. మరిడమ్మ గుప్పిట్లో గవ్వలు దాచింది. ఏనుగై మోకాళ్ళ మీద నడిచింది. కప్పు కారుతున్న చోటల్లా గిన్నెలు పెట్టి చినుకులు పట్టించింది. బయట దెబ్బ పడ్డప్పుడల్లా లోపల గొంతు పెంచింది. కొంగుతో కళ్ళొత్తుకుంటూ, అరవయ్యేళ్ళ మనిషి, కప్పలా గెంతింది.

ఉన్నట్టుండి దెబ్బలు ఆగిపోయాయి.

కొండబాబు తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో తెడ్డు. వాన కడిగినా దాని చివర ఎరుపు పోలేదు.

"సొమ్మసిల్లాడు. తెలివి రాగానే అదే గెడ్డలోకి తోసేస్తాం. సెప్పి ఎల్దామని వొచ్చాను."

"బాబూ, ఆడు సంపలేదు. నీ కాల్లకి దండం పెడతాను. ఆడు సంపలేదు."

"నీకెలాగ తెలుసు?"

మరిడమ్మ నోరు తెరిచింది. ఆమె చూపు చిన్నతల్లి మీద పడింది. తెరిచిన నోరు మూతపడింది.

"నా కొడుకు. నాకు తెల్దా?" అంది.

కొండబాబు థూ అని ఉమ్మేశాడు. అప్పుడు చూశాడు మేనకోడలిని. అంతసేపూ మనిషిని గొడ్డును బాదినట్టు బాదినవాడు ఒక్కసారిగా మెత్తబడిపోయాడు. తెడ్డు గోడకు చేర్చి, పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మా ఇంటికి తీసుకెల్లిపోతానే నిన్ను. మావతో ఆడతావేటి?"

"దానికి నిద్దరొస్తంది" అంటూ మరిడమ్మ అడ్డొచ్చింది.

"నువ్వు పక్కకి జరుగత్తా. సెప్పమ్మా, ఏ ఆట ఆడదాం?"

చిన్నతల్లి హుషారుగా మంచం కిందికి దూరి, పచ్చడిబండ దొర్లించుకొచ్చి నానమ్మ చేతికిచ్చి, నేల మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుని, "నాను అమ్మ... కొట్టు నానమ్మా" అంది.