తుపాకికి పెట్టిన పేరు

"బంగారీ!"

ఆ పిలుపు విని కుక్క తోక ఊపుకుంటూ పరుగెత్తింది. తీరా చూస్తే, వేటగాడు పోతయ్య పిలిచింది తన నాటు తుపాకిని. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, గొట్టంలో మందు పోసి కూరుతూ, పసిపిల్లకి గోరుముద్దలు పెడుతున్నట్టు మురిసిపోతున్నాడు. పాపం, కుక్కకి పేరే లేదు. "ఒసేయ్" అంటాడు, అంతే.

పోతయ్య తుపాకిని గట్టు మీద పెట్టి, నీళ్ళు తాగడానికి వాగులోకి దిగాడు. కుక్క తుపాకి దగ్గరికొచ్చింది.

"ఎవరో మందు కూరితే గానీ నోరు పెగలదు, నీకో పేరు!"

"నువ్వు జాడ పట్టకపోతే నా మోత ఎందుకే చెల్లీ?" అంది తుపాకి.

ఆ మంచిమాటకి కుక్క ఇంకా మండిపోయింది. ముద్దు చేస్తున్నట్టు నటిస్తూ, నిప్పురవ్వ పడేచోట ఉన్న మందుని నాకి తడిపేసింది.

పోతయ్య గట్టెక్కి తుపాకి అందుకునేంతలో పొదలోంచి అడవిపంది అతని మీదికి దూకింది. పేల్చబోతే తుపాకి తుస్సుమంది. కుక్క పంది చెవి పట్టుకుని వేలాడింది. తొడ చీరుకుపోయినా వదల్లేదు. చివరికి పందే పారిపోయింది.

పోతయ్య తుపాకిని బురదలోకి విసిరేశాడు. "తుప్పుముక్కా! నిన్ను నమ్మానే!" కుక్కని గుండెకి హత్తుకున్నాడు. "ఇక నుంచి నువ్వేనే నా బంగారివి!"

ఎన్నాళ్ళుగానో కలలుగన్న పేరు. వెన్నెల్లా ఒళ్ళంతా పాకాల్సింది, ముల్లులా గుచ్చుకుంది. జరిగింది తెలిసి కూడా తుపాకి నోరు మెదపలేదు.

కుక్క కుంటుకుంటూ వెళ్ళి బురదలో దాని పక్కనే కూలబడింది.

"మందు తడిపింది నేనే, బంగారీ," అంది, పోతయ్యకి వినబడేలా.