కార్మెలో బాగుచేసిన ఇల్లు

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి. చిన్న ముచ్చటే, ఎంతోసేపు పట్టదు.

ఇంటి ముందరి మొదటి కమాను మీద సుత్తి దెబ్బ పడగానే అసుంత పిండి చేతులతోనే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, రెండో కమాను కింద అడ్డంగా నిలబడింది.

"దీన్ని కొట్టాలంటే ముందు నా నెత్తిన కొట్టు!"

"జరగవే, దుమ్ము కళ్లలో పడుతుంది" అన్నాడు కార్మెలో.

"నువ్వు కట్టినవే కదయ్యా ఇవి! ఆదివారం ఆదివారం చర్చి నుంచి రావడం, సిమెంటు కలపడం. నీళ్లు మోసి మోసి నా నడుం పడిపోయింది. ఇప్పుడు నీ చేతులకేం తెగులొచ్చింది?"

"ఇల్లుండాలా, కమానులుండాలా? ఒక్కటి చెప్పు."

ఇటలీ నుంచి వచ్చి సిడ్నీలో వాళ్లు కాపురముంటున్న వీధికి ఒక పక్కనున్న పద్దెనిమిది ఇళ్లనూ కూల్చి పెద్ద రోడ్డు వేస్తామని అప్పటికే కాగితాలు పంచారు. అన్నీ ఫెడరేషన్ ఇళ్లే. ఆస్ట్రేలియా అంతా ఒకే దేశమైన కొత్తలో ఎర్ర ఇటుకతో, కొయ్య నగిషీల వరండాలతో కట్టినవి. వాటిలో ముందు తరాలకు దాచిపెట్టదగ్గ ఇల్లు ఒక్కటున్నా సరే, దాన్ని తప్పించి రోడ్డు వంచుతామని అదే కాగితంలో రాశారు. అంటే మొదట కట్టినట్టే ఉన్న ఇల్లని కార్మెలో లెక్క. నెలాఖరుకి ఆఫీసరమ్మ వచ్చి చూస్తుంది.

పక్కింటి థెల్మా కంచె మీంచి తల పెట్టింది.

"కొట్టనీ అసుంతా. లక్షణమైన ఇంటికి మీ ఊరి సిమెంటు పూసి సమాధిలా చేశాడు మీ ఆయన. ఆఫీసరమ్మ నా ఇల్లు చూసి మురిసిపోతుంది, నీ ఇల్లు చూసి ముక్కు మూసుకుంటుంది."

"నీ వరండాకి చెదలు పట్టింది, ముందు దాని సంగతి చూసుకోవే" అంది అసుంత. అంటూనే పక్కకు జరిగింది.

మూడు కమానులూ ముక్కలై లారీ ఎక్కాయి. మొజాయిక్ గచ్చు పెకలించేశాడు కార్మెలో. అల్యూమినియం కిటికీలు పీకి, పాత సామాన్ల కొట్టు నుంచి రంగుటద్దాల కిటికీలు తెచ్చి బిగించాడు. ఇటుకల మీది మీగడరంగు గీకి గీకి తీసి, మధ్యన దారం పోగులా సున్నపు గీతలు దిద్దాడు. అరవై దాటిన మనిషి. రాత్రిళ్లు బోర్లా పడుకుని మూలుగుతుంటే అసుంత ఆలివ్ నూనె రాసేది.

"నడుం పోతే పోనీవే, ఇల్లు దక్కితే చాలు" అనేవాడు.

చివరికి అది థెల్మా ఇంటికి కవలలా తయారైంది. థెల్మా కేకు పట్టుకొచ్చి మరీ మెచ్చుకుంది. అసుంత మాత్రం, "నా ఇంట్లో నేనే అద్దెకున్నట్టుంది" అంది.

ఆఫీసరమ్మ వచ్చింది. కెరిన్ అని ముప్పై ఏళ్ల పిల్ల. వీధంతా తిరిగి తిరిగి ఆఖరున వీళ్ల గేటు తీసింది. కార్మెలో పెళ్లినాటి కోటు బిగించి నిలబడ్డాడు.

"1910లో ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది తల్లీ! మేకు తేడా లేదు!"

కెరిన్ వరండా స్తంభం తడిమింది. కిటికీ చూసింది. తల ఊపింది.

"బాగుందండీ. అన్నీ ఇలాగే ఉన్నాయి. పై పేటలో ఇలాంటివి రెండు వందలు భద్రంగానే ఉన్నాయి" అంది.

అసుంత ముందుకొచ్చింది. "అమ్మాయీ, ముక్కుసూటిగా చెప్పు. మా ఇల్లు ఉంటుందా, పోతుందా?"

"నన్ను క్షమించాలమ్మా. నేను వెతుకుతున్న ఇల్లు వేరే. ఈ వరసలోనే ఉందన్నారు. పద్దెనిమిదీ చూశాను, దొరకలేదు."

సంచిలోంచి ఒక పాత ఫొటో తీసి చూపించింది. పేట గ్రంథాలయంలో దొరికిందట. వెనకాల పేరు లేదు, నంబరు లేదు. మూడు కమానులు. వాటి కింద తాపీ పట్టుకుని నవ్వుతున్న నల్లజుట్టు కుర్రాడు, పక్కన నీళ్ల బకెట్టుతో సన్నటి పిల్ల.

కార్మెలో చూశాడు. అసుంత చూసింది. ఆమె చెయ్యి తన నడుం మీదికి పోయింది.

మీరు ఈ కథ ఎవరికైనా చెప్పేటప్పుడు ఇంకేం మరిచినా ఫరవాలేదు. ఆ పిల్ల ఆ తర్వాత అన్న మాట మాత్రం గుర్తుపెట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పండి:

"ఫెడరేషన్ ఇంటికి ఇటలీ మేస్త్రీ సొంత చేతులతో కట్టుకున్న కమానులు ఈ ఊరు మొత్తం మీద ఇవే మిగిలాయండీ. రోడ్డు వంచుతామన్నది ఈ ఇంటి కోసమే. ఏ పక్కనుందో మీకేమైనా తెలుసా?"