ఆగిన కారు తాళం

"కారు ఆగాక మళ్లీ తాళం తిప్పారా?" బానెట్ కిందనుంచి తల బయటపెట్టి అడిగాడు మెకానిక్.

"నడిపింది మా ఆవిడ. ఇక వేరే చెప్పాలా?" అన్నాడు భర్త. "ఇవాళ్టితో ఆవిడ డ్రైవింగుకి మంగళం!"

డ్రైవింగు ఎంత కష్టపడి నేర్చుకుందో పక్కనే నిలబడ్డ ఆమెకే తెలుసు. అయినా పరాయివాడి ముందు గొడవెందుకని ఇంజన్ వైపు తిరిగింది. దారంతా వెనక సీట్లో నిద్రపోయిన అత్తగారు ఇక్కడా బెంచీ మీద కునుకుతోంది.

మెకానిక్ ఇంజన్ పక్కనున్న బెల్టు చూపించాడు. "పాతబడి పళ్లు అరిగాయి సార్. అందుకే జారి ఇంజన్ ఆగింది. నడిపినవాళ్ల తప్పు కాదు. అలాగే వదిలేసుంటే బెల్టు మారిస్తే సరిపోయేది. ఎవరో పదేపదే స్టార్ట్ చేశారు. లోపల పిస్టన్ తగిలి వాల్వులు వంగిపోయాయి, ఇప్పుడు ఇంజనే విప్పాలి. ఎవరు చేశారు, మేడమా?"

"జరుగు, నీకు చేతకాదు" అంటూ దారిలో తనను దింపి స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి ఇప్పుడు గోడమీది క్యాలెండరు చదువుతున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది, జాలీ వేసింది.

"ఎవరైతే ఏముందిలెండి..."

"ఎందుకమ్మా వెనకేసుకొస్తావు?" అత్తగారు కళ్లు తెరవకుండానే అంది. "కోడలు వద్దు వద్దంటున్నా కవ్వం తిప్పినట్టు తిప్పింది వీడే బాబూ. నేను మూసుకున్నది కళ్లే, చెవులు కాదు."

"అమ్మా!"

"బాగుచేశాక తాళం కోడలి చేతికివ్వు నాయనా. వీడు వెనక నా పక్కన కూర్చుంటాడు. అక్కడైతే తిప్పడానికేమీ ఉండదు."