ఎడమ ఇంజను

రెండు ఇంజన్ల చిన్న విమానం రామతులసమ్మ కంది చేలో కూలి, పైలట్ కుర్రాడు చనిపోయినప్పటి నుంచి దొనకొండలో ఎవరూ రాత్రి కాపలాకు పోవడం లేదు.

"సచ్చినోడికి భయపడి అడవి పందులకు చేను ఇడిసిపెట్టాల్నా?" అని కోడలిని కసిరి, ఆ రాత్రి రామతులసమ్మ ఒక్కతే చేనికి వచ్చింది.

గాలి లేదు. ఆకాశంలో దీపమూ లేదు. విమానం మోత మాత్రం నెత్తిమీదికి వస్తోంది. ఉన్నట్టుండి ఆ మోత సగానికి సగం తగ్గింది.

కుడి ఇంజను చెడిపోతే, కుర్రాడు కంగారులో బాగున్న ఎడమదాన్ని ఆపేశాడని అప్పట్లో విచారణకొచ్చిన ఆఫీసర్లు చెప్పినారు.

ఆమె పరుగెత్తలేదు. టార్చి పైకెత్తి అరిచింది.

"ఎడమది ఆపొద్దు నాయనా! చెడిపోయింది కుడిది!"

మోత ఆగలేదు. చీకట్లోనే మలుపు తిరిగి, టార్చి వెలుగు మీదికే దిగసాగింది.

రామతులసమ్మ కాళ్లు నిలదొక్కుకుంది.

"రా. ఈతూరి నేనుండా. దిగు."